ఇంటివాళ్ళ కుర్చీ

కిటికీకి ఎదురుగా వేయొద్దని చెప్పింది నేనే. తలుపుకి ఎదురుగానూ వద్దన్నాను. కిటికీకి ఎదురుగా వేస్తే ఇంటివాళ్ళు బయట కొమ్మ కదిలినా లేచి నిలబడతారు, తలుపుకి ఎదురుగా వేస్తే లోపలికొచ్చే ప్రతి మొహంలోనూ కబురు వెతుక్కుంటారు, కాబట్టి ఈ కుర్చీని గోడవైపు తిప్పి వేయాలి, పక్కన చిన్న బల్ల, దాని మీద మంచినీళ్ళు, టీ, ఎదురుగా ఒక తోడు మనిషి. అడవిలో ఎవరైనా తప్పిపోయారని కబురొస్తే మా వాలంటీర్లు ఈ బడికి చేరుకుని మొట్టమొదట సర్దేది ఈ మూలనే. కొత్తగా చేరినవాళ్ళకి ఇదంతా ఎంత గొప్పగా పాఠం చెప్పేదాన్నో, ఒక్కసారి ఇందులో కూర్చుని చూద్దామని మాత్రం నా బుర్రకి తట్టలేదు. ఇవాళ కూర్చున్నాను. తప్పిపోయింది మా నాన్న. కుర్చీ పలక ఒకటి వదులై నడుంలో గుచ్చుకుంటోంది. ఎదురుగా గోడ మీద మనిషి జీర్ణకోశం పటం, ఎర్రటి పేగులు, ఆకుపచ్చటి పిత్తాశయం. ఇన్నేళ్ళుగా ఎంతమంది అమ్మలూ భార్యలూ అన్నదమ్ములూ ఈ పేగుల్నే చూస్తూ కబురు కోసం కాచుకున్నారన్నమాట, ఒక్కళ్ళు కూడా నాతో అనలేదు, అమ్మా, ఆ పటం తీయించండి అని. ఎలా అంటారు? ఇక్కడ కూర్చున్న మనిషికి పటం మీద పోట్లాడే ఓపిక ఉండదని ఇప్పుడు కదా తెలుస్తోంది.

తోడుగా కూర్చున్న పిల్ల ఆసుపత్రిలో నర్సు, నిరుడే మాలో చేరింది. మోకాళ్ళు తగలనంత దూరంలో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో కూర్చుంది, నేను నేర్పినట్టే. "భయపడకండి" అనడం లేదు, "ఏం కాదు" అనడం లేదు, అవి రెండూ అనకూడని మాటలని నేనే నేర్పాను, రేపు ఏదైనా అయితే ఆ మాట అన్నవాళ్ళ మొహం ఇంటివాళ్ళు జన్మలో చూడలేరని. దానికి బదులు అరగంటకోసారి, "ఇప్పుడు తూర్పువైపు వెతికే వరుస వాగు దాకా వెళ్ళింది ఆంటీ" అని ఉన్నదున్నట్టు చెబుతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఏం కాదు ఆంటీ, మీ నాన్నగారు నిక్షేపంలా వస్తారు అంటే దాని సొమ్మేం పోతుంది? అబద్ధమే కానీ. ఆ అబద్ధం వినాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఎంత బాగా నేర్పాను దీనికి, నా నోరు పడిపోను.

ఇంటివాళ్ళు వెతకడానికి వెళ్ళకూడదు. అదీ మా నియమమే. ఒకప్పుడు భార్య తప్పిపోయిన మనిషి ఒకాయన, మేం ఎంత చెప్పినా వినకుండా అందరికంటే ముందు పరిగెత్తి రాళ్ళక్వారీలో పడి కాలు విరగ్గొట్టుకుంటే, వెతికేవాళ్ళలో సగం మంది ఆయన్ని మోసుకురావడానికే సరిపోయారు. ఆ తరవాత మీటింగులో నేను లేచి, ప్రేమ ఉన్నవాళ్ళకి కళ్ళు కనబడవు, వాళ్ళని గదిలోనే కూర్చోబెట్టాలి అన్నాను. అందరూ తలలూపారు. నాన్న మాత్రం, "ఆ కుర్చీలో కూర్చోడం అడవిలో తిరగడం కంటే కష్టమే గడుగ్గాయీ" అన్నాడు. నాకు యాభై వచ్చినా ఆయన నోట ఆ పేరే. మీటింగులో అందరి ముందూ అలా పిలిచాడని నాకు కోపమొచ్చింది గానీ ఆయన చెప్పింది ఏమిటో పట్టించుకోలేదు.

అసలిదంతా మొదలైంది నాన్న వల్లే. ఆయన కలప డిపోలో దుంగలు కొలిచే పని చేసేవాడు. అదే డిపోలో కాపలా ఉండే మనిషి ఒకడు పుట్టగొడుగులకని వెళ్ళి అడవిలో తప్పిపోయాడు. ఊళ్ళో సగం మంది కదిలారు. కర్రలు పట్టుకుని, లాంతర్లు పట్టుకుని, తలో దిక్కునా పరుగెత్తుతూ అందరూ ఒక్కసారే గొంతు చించుకుని అతని పేరు అరిచారు. మనిషి దొరికాడు, ప్రాణంతో కాదు. బాట మీంచి మామూలుగా పిలిచినా వినబడేంత దూరంలో, విరిగిన కాలితో. పక్కనున్న చెట్టు మొదలంతా బెరడు ఊడిపోయి ఉంది, చేతిలో రాయి. గొంతు పోయాక కూడా అతను రాయితో కొడుతూనే ఉన్నాడు. "వాడు జవాబు చెబుతూనే ఉన్నాడే, మనమే ఆగలేదు" అని నాన్న ఇంటికొచ్చి అమ్మతో అని, చెప్పులు కూడా విప్పకుండా అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాడు. నేను లెక్కలు చేసుకుంటూ విన్నాను. ఆ వారమే డిపో ఆవరణలో నలుగురైదుగురిని పోగేసి, అందరూ కలిసి ఒకసారి పిలవాలి, పిలిచి ఆగాలి, ఊపిరి కూడా బిగబట్టి వినాలి, అప్పుడు అడుగు వేయాలి అని నేర్పడం మొదలెట్టాడు. పిలిచి, ఆగి, విను. అంతే ఆయన విద్యంతా. జనం నవ్వారు. పనిలేని మంగలి అన్నట్టు చూశారు. ఇంత చిన్న విషయానికి తరగతులేమిట్రా అన్నారు.

ఆ తరగతుల్లో తప్పిపోయిన మనిషిని నేనే. ఆదివారాలు నన్ను తీసుకెళ్ళి దుంగల గుట్టల మధ్య ఎక్కడో ఒకచోట దాక్కోమనేవాడు, పిలిస్తే సన్నగా పలకమనేవాడు, వాళ్ళు వరుసగా వచ్చేవాళ్ళు, పిలిచి ఆగేవాళ్ళు, నేనేమో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటూ పలక్కుండా కూర్చునేదాన్ని. తడి చెక్క వాసన, చీమలు, పైన సన్నటి పేలికలా ఆకాశం. అందరూ దాటిపోయేవాళ్ళు. నాన్న మాత్రం దాటేవాడు కాదు. ఒక్కడే వెనక్కొచ్చి ఆ గుట్ట ముందు నిలబడి, ఇక్కడ చీమల వరుస ఎందుకు చెదిరిందబ్బా అని తనలో తను అనుకుంటున్నట్టు పైకే అనేవాడు. నాకు నవ్వాగేది కాదు.

తరవాత తరవాత ఎంత పెరిగాం. మొదట వెతికిన చోట పొదకి గుడ్డపేలిక కట్టేవాళ్ళం, వెతకని చోటు తెలియాలని. అవి చూసి ఊరివాళ్ళు కొందరు భయపడి ఏదో చేతబడి అనుకున్నారు కూడా. తరవాత విజిళ్ళు వచ్చాయి, నారింజ రంగు కోట్లు వచ్చాయి, చేత్తో పట్టుకుని మాట్లాడే సెట్లు వచ్చాయి, అడవినంతా గళ్ళు గళ్ళుగా గీసిన మ్యాపు వచ్చింది. బేకరీ ఆయన కుక్క వాసన పట్టడం నేర్చుకుంది, అది తిన్న బిస్కెట్లతో ఇంకో బేకరీ పెట్టొచ్చని ఆయన అంటాడు. మొదట్లో మమ్మల్ని చూసి వేళాకోళాలాడిన పోలీసులే ఇప్పుడు ముందు మాకు ఫోన్ చేస్తున్నారు. పక్క ఊళ్ళలో కూడా టీములు పుట్టాయి, వాళ్ళకి శిక్షణ ఇచ్చింది మేమే, ఇవాళ వాళ్ళూ వచ్చారు, బడి ఆవరణంతా మొహం తెలియని కుర్రకారు, తాళ్ళు, టార్చిలైట్లు, కాళ్ళకి బురద. ఎవరికోసం వచ్చారో వాళ్ళకి తెలియదు. ఎవరో ముసలాయన అనుకుంటున్నారు. ఈ విద్య మొదలెట్టిన మనిషినే వెతుకుతున్నారని టీముని నడిపిస్తున్న మెకానిక్ చెప్పాడో లేదో, చెప్పి ఉండడు, చెబితే తొందరపడతారని. నేనైనా చెప్పను.

గ్యారేజీ మెకానిక్ ఇప్పుడు మా టీముకి పెద్ద. గది ఆ చివర మ్యాపు పరిచిన బల్ల దగ్గర నిలబడ్డాడు, వీపు నాకు కనబడేలా. అది కూడా నేర్పిందే, మొహం కనబడకూడదు. పొద్దున ఫోన్ చేసింది అతనికే. మేడ మీద బట్టలు ఆరేసి కిందికొచ్చేసరికి వరండాలో బూట్లు తుడిచే బ్రష్షు ఉంది, నాన్న లేడు, గేటు తీసి ఉంది. వీధులన్నీ తిరిగాను, కూరగాయల మార్కెట్టు, బస్టాండు, పాత డిపో. చివరికి అతనికి ఫోన్ చేసి, నాన్న కనబడటం లేదు అనడానికి బదులు నా నోట ఏమొచ్చిందంటే, "పెద్ద వయసు మగమనిషి, మతిమరుపు, నడక బాగుంది, గళ్ళ చొక్కా." రిపోర్టు చెప్పినట్టు. అతను అన్నీ విని, "ఇంటివాళ్ళెవరక్కా?" అన్నాడు. "నేనే" అన్నాను. ఫోన్లో పానా కింద పెట్టిన చప్పుడైంది. తరవాత, "బడికి రా అక్కా. కోటు వేసుకోకు" అన్నాడు.

వేసుకోలేదు. ఏం చేయను, నియమం నాదే కదా. పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి చివరికి ఈ కుర్చీలో పడ్డాను. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళు పిలిస్తే పలకరు, వెనక్కి తిరిగి చూడరు, ఏదైనా అడ్డం తగిలేదాకా ముందుకే పోతారు, అడ్డం తగిలాక అక్కడే చిక్కుకుపోతారు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. బల్ల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి చివర ఒక గుండ్రం చుట్టేదాన్ని, ఇదిగో, ఇక్కడుంటారు, అని. ఆ గుండ్రంలో ఒక మనిషి ఉంటాడని, చలికి వణుకుతాడని, ఆయనకి సాయంత్రం అయ్యేసరికి మోకాళ్ళు నొప్పి పుడతాయని, వెన్న రాసిన రొట్టె తప్ప ఏదీ గొంతు దిగదని చెప్పేదాన్ని కాదు.

రెండేళ్ళుగా నాన్న కొంచెం కొంచెం జారిపోతున్నాడు. మొదట వస్తువుల పేర్లు పోయాయి, తరవాత మనుషులవి. అన్నిటికంటే ఆఖర్న పోతాననుకున్న నేను అన్నిటికంటే ముందు పోయాను. మా ఆయన్ని గుర్తుపడతాడు, పాలవాణ్ణి గుర్తుపడతాడు, నన్ను చూసి మాత్రం, "మా అమ్మాయి బడి నుంచి వచ్చిందా అమ్మా?" అంటాడు. నేనే నాన్నా ఆ అమ్మాయిని అంటే మర్యాదగా నవ్వి ఊరుకుంటాడు, కొట్లో అక్కర్లేని సరుకు అంటగట్టబోయినవాణ్ణి చూసి నవ్వినట్టు. మొదట్లో వంటింట్లోకెళ్ళి ఏడ్చేదాన్ని. తరవాత, వస్తోందిలే నాన్నా, దారిలో ఉంది అనడం అలవాటు చేసుకున్నాను. అలా అంటే ఆయన స్థిమితపడేవాడు. ఇవాళ పొద్దున అడిగాడా? అడిగాడు. నేను ఏమన్నాను? బట్టల బకెట్టు చేతిలో ఉంది, ఏదో అన్నాను, ఏమన్నానో ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు. ఆయన సంగతి సరే, నాకేమైంది?

మెకానిక్ బల్ల మీద సెట్టు గరగరలాడింది. వాగు దగ్గరి వరుసని నడిపించే అమ్మాయి, పక్క ఊరి టీముది, తామెక్కడున్నారో చెబుతోంది. ఆమె మాటల వెనక వాళ్ళవాళ్ళు నాన్న పేరు పిలుస్తున్నారు, దూరం దూరంగా, ఒకటి సన్నటి గొంతు, ఒకటి బొంగురు గొంతు, ఇంకొకటి. ఆ ఇంకొక గొంతు పేరు మొదట్లో కిందికి నొక్కి చివర్లో పైకెత్తి వదిలింది. వదిలి ఆగింది. అలా పిలిచేది ప్రపంచంలో ఒక్కడే. అలా పిలవడం ఎలాగో నాకు నేర్పబోయి, నా గొంతు పలకడం లేదని విసుక్కున్నది ఒక్కడే. లేచి నిలబడ్డాను. టీ ఒలికింది.

"అది నాన్న గొంతు" అన్నాను.

నర్సు పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "ఏమని వినబడింది ఆంటీ?"

"తన పేరే. తన పేరే పిలుస్తున్నాడు."

ఆ పిల్ల కళ్ళలో ఏదో మారడం చూశాను. జాలి. "అలా వినబడటం సహజం ఆంటీ. మీరు చెప్పింది వాళ్ళకి చెబుతాను" అంది, తడబడకుండా, మెత్తగా. అది నేను నేర్పిన వాక్యమే. ఎంత నునుపుగా ఉంది, పట్టుకోవడానికి ఎక్కడా అంచు లేదు. మెకానిక్ వచ్చాడు. ఎదుటి బెంచీ మీద కూర్చుని నా కళ్ళకి తన కళ్ళు సరిగ్గా ఎదురొచ్చేలా వంగాడు.

"అక్కా, అక్కడున్నవాళ్ళంతా ఆయన పేరే కదా పిలుస్తున్నారు."

"నాన్న గొంతు నాకు తెలీదంటావా?"

"తెలుసు. కానీ తన పేరు తనే ఎందుకు పిలుచుకుంటాడక్కా?"

నిజమే కదా, ఎందుకు పిలుచుకుంటాడు? నాలో కూతురు అది నాన్నే అని నెత్తీ నోరూ బాదుకుంటోంది, నాలో పంతులమ్మ మాత్రం మెకానిక్‌తో కలిసి తలూపుతోంది. ఇంటివాళ్ళు విన్న గొంతుల వెంట వరుసలని తిప్పకూడదు. ఈ నియమం వెనక కూడా ఒక మనిషి ఉంది. కొడుకు తప్పిపోయిన తల్లి, ఇదే కుర్చీలో కూర్చుని, వాడు క్వారీ వైపు నుంచి పిలుస్తున్నాడంది, వెళ్ళాం, లేడు. నీళ్ళ ట్యాంకు వైపంది, వెళ్ళాం. గుట్ట వెనకంది, అక్కడికీ వెళ్ళాం. వాడు లేని చోట్లన్నీ తిరిగి వాడున్న చోటికి మర్నాడు వెళ్ళాం. ఆవిడది తప్పు కాదు, మాదీ తప్పు కాదు, అలా అనుకుని నియమం పెట్టుకున్నాం. ఇప్పుడనిపిస్తోంది, ఆవిడ విన్నవాటిలో ఒక్కటి నిజమేమో, మేం వెళ్ళేసరికి వాడు కదిలిపోయాడేమో. ఇప్పుడనిపించి ఎవరికి ఉపయోగం? ఆవిడ ఎక్కడుందో, ఏ ఊరు వెళ్ళిపోయిందో. నన్ను చూస్తే ఏమంటుంది?

కూర్చోండి ఆంటీ అంటే కూర్చున్నాను. కాళ్ళూ చేతులూ కట్టేస్తే కనీసం విడిపించుకోవాలని గింజుకుంటాం, నన్ను ఎవరూ కట్టలేదు, తలుపు బార్లా తీసి ఉంది, అడవి అక్కడే ఉంది, లేచి వెళితే ఆపగలిగినవాళ్ళు ఈ గదిలో లేరు. వెళ్ళాక? చీకట్లో నేను ఎక్కడో జారిపడితే నాన్నని వెతికే వరుసలో సగం మంది నాకోసం తిరుగుతారు. నాకు అంతా తెలుసు, అదే నా ఖర్మ. ఏమీ తెలియని ఆడది అయ్యుంటే ఈపాటికి వాగులో దిగి కేకలు పెడుతూ ఉండేదాన్ని, ఆ కేకల్లో కాస్తంత ఊపిరైనా ఆడేది.

ఫోన్ మోగింది, మా ఆయన. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, తప్పిపోయినవాళ్ళు తమంతట తాము వచ్చేస్తే తలుపు తీయడానికి, అందుకని ఆయన్ని అక్కడ ఉంచాం. "మీ నాన్న రాలేదు" అన్నాడు ముందుగా, నా ప్రాణం ఎగిరి మళ్ళీ పడకుండా, అది మాత్రం ఎవరూ నేర్పకుండానే ఆయనకి తెలుసు. "గ్యాసు సిలిండరు వాడొచ్చాడు. గేటు చప్పుడైతే పరుగెత్తాను. పాపం వాణ్ణి కౌగిలించుకోబోయాను." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "వరండాలో లైటు వేసి ఉంచండి" అన్నాను. "పొద్దుట్నుంచీ వెలుగుతూనే ఉంది" అన్నాడు.

కిటికీ నా వెనకుంది, అయినా వెలుతురు తగ్గడం పటం మీద తెలుస్తోంది, పిత్తాశయం నల్లబడింది, పేగుల అంచులు పోయాయి. వాన వాసన వస్తోంది. మ్యాపు బల్ల దగ్గర ఎవరో ఇంకో గడి నింపి, "ఇదీ ఖాళీ" అన్నారు. ఒకచోట లేరని తేలడం కూడా పని జరగడమే, నిరుత్సాహపడకండి అని ఎందరికి చెప్పానో. ఖాళీ అన్నప్పుడల్లా ఈ కుర్చీలో ఉన్న మనిషికి నాన్న ఆ గడిలోంచి చెరిగిపోయినట్టుంటుంది. ఇక్కడ లేడు, ఇక్కడా లేడు, ఇక్కడా లేడు. అన్నీ నిండాక ఎక్కడ ఉంటాడు? గళ్ళు అయిపోయిన చోట వాగు ఉంది. వాగు ఉంది. వాగు గురించి నేను ఆలోచించను. గళ్ళ చొక్కా పలచన, పై గుండీ ఊడింది, కుడదామని పక్కన పెట్టి కుట్టలేదు, చలిగాలి సరిగ్గా అక్కడే దూరుతుంది. దేవుడా, నన్ను ఏమైనా చేసుకో, ఆయన్ని మాత్రం ఒక్కణ్ణీ చీకట్లో కూర్చోబెట్టకు.

సెట్టు మళ్ళీ గరగరలాడింది. "వాగు వరుస రోడ్డెక్కింది. అందర్నీ లెక్క చూస్తున్నా" అంది ఆ అమ్మాయి. తరవాత, సందేహిస్తూ, "ఒకరు ఎక్కువొస్తున్నారు సార్."

"మళ్ళీ లెక్కపెట్టమ్మా" అన్నాడు మెకానిక్, విసుగ్గా.

"పెట్టాను సార్. ఒకరు ఎక్కువే."

మెకానిక్ వీపు బిగుసుకుంది. లెక్కలో ఒకరు తగ్గితే ఏం చేయాలో మాకు కంఠతా వచ్చు, ఒకరు ఎక్కువైతే ఏం చేయాలో మేం ఎప్పుడూ ఆలోచించలేదు. అతను నావైపు తిరిగాడు, మొహం కనబడకూడదన్న పాఠం మరిచిపోయి, ఆ మొహంలో ఏముందో నేను ఒక్క చూపులో చదివేశాను, ప్రాణం లేచొచ్చింది.

తీసుకొచ్చారు. తీసుకురావడమేమిటి, ఆయనే ముందు నడుస్తూ వచ్చాడు, మిగతావాళ్ళు వెనక. ఒంటి మీద నారింజ రంగు కోటు, తలకి టోపీ, చేతిలో కర్ర, మోకాళ్ళ దాకా బురద. పొద్దెక్కాక చేరేవాళ్ళ కోసం వంతెన దగ్గర కోట్ల పెట్టె పెట్టారట, ఈయన నేరుగా వెళ్ళి ఒక కోటు తొడుక్కుని, వరుస చివర ఖాళీ చూసుకుని నిలబడ్డాడట. ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలోనే. అందరి ఫోన్లలోనూ ఆయన ఫోటో ఉంది. అయినా వరుసలో ఉన్నవాళ్ళు ముందుకి చూస్తారు, పొదల కిందికి చూస్తారు, పక్కవాడితో దూరం చూసుకుంటారు, పక్కవాడి మొహం ఎవరు చూస్తారు? చూడొద్దనే కదా మేం చెప్పింది. ఆ పక్క ఊరి అమ్మాయి నా ముందు చేతులు నలుపుకుంటూ ఏడుపు మొహంతో, "మా అందరి గొంతులూ పోయాయండీ, తాతగారి గొంతు మాత్రం పోలేదు. ఎంత బాగా పిలుస్తున్నారో అనుకున్నాం" అంది. నేను దాన్ని తిట్టలేదు. తిట్టడానికి నోరు లేదు.

గది నిండా చప్పట్లు. నాన్నకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరు దొరికారని చప్పట్లు? మనిషి అక్కడ చలిలో ఉంటే మీకిక్కడ సంబరమా?" అన్నాడు. నర్సు పిల్ల దుప్పటి కప్పబోతే తోసేసి, చుట్టూ చూసి, "ఇంటివాళ్ళెవరు?" అన్నాడు.

ఎవరూ చూపించలేదు. ఆయనకి చూపించక్కర్లేదు, కుర్చీ ఎక్కడ వేస్తారో తెలుసు. నేరుగా వచ్చి, బెంచీ లాక్కుని, నాకు ఎదురుగా కూర్చున్నాడు. టోపీ తీశాడు. ఆయన చేతులు గీరుకుపోయి నెత్తురు చారలు. నేను, "నాన్నా" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు, మనసు చెదిరిన ఇంటివాళ్ళు ఎవర్ని ఏమని పిలిచినా ఏమీ అనుకోకూడదని మాకు నేర్పిందే ఆయన. నెమ్మదిగా, దాపరికం లేకుండా, "వెతికినంత మేరా లేరమ్మా. మీకేమవుతారు?" అన్నాడు.

"మా నాన్న."

"అయ్యో" అన్నాడు. నిజంగా అన్నాడు. ఆ అయ్యోలో నాకోసం ఎంత బాధ ఉందో నేను చెప్పలేను. రెండేళ్ళలో నావైపు అంత నిండుగా చూడటం అదే మొదలు. "నడక బాగుందా?"

"బాగుంది."

"పిలిస్తే పలుకుతారా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన కర్ర పట్టుకుని లేచాడు. "ఇంకా కాస్త వెలుతురుంది. ఇంకో విడత వెళ్ళొస్తాం." మెకానిక్ అడ్డం వచ్చి, "పెద్దాయనా, గాలింపు అయిపోయింది" అన్నాడు. "మనిషి దొరక్కుండా అయిపోవడమేమిటయ్యా?" అన్నాడు నాన్న. ఈ గదిలో ఇంతమందిమి, ఇన్ని సెట్లు, ఇంత మ్యాపు, దొరికిన మనిషికి దొరికావని చెప్పే విద్య మాలో ఒక్కళ్ళకీ రాదు. చెయ్యి పట్టి లాగితే గింజుకుంటాడు, కారెక్కమంటే ఎక్కడు. ఇల్లు చేరాలంటే దారి ఒక్కటే. నేను లేచి మెకానిక్ ఒంటి మీది కోటు తీసుకుని తొడుక్కున్నాను. అతను ఆపలేదు.

"ఇంటివాళ్ళు రాకూడదమ్మా" అన్నాడు నాన్న.

"మా ఇంటి దారి ఒక్కటీ ఎవరూ వెతకలేదండీ" అన్నాను. పుట్టాక నాన్నని అండీ అనడం ఇదే. "మీరు తోడొస్తే వెతుకుదాం. మీరు చెప్పినట్టే నడుస్తాను."

ఆయన ఆలోచించి, సరే పదండి అన్నాడు. బడి గేటు దాటాం. సన్నగా వాన మొదలైంది. రోడ్డుకి ఆ పక్కన ఆయన, ఈ పక్కన నేను, వెనకాల దూరంగా మెకానిక్, నర్సు పిల్ల. ముందు ఆయన పిలిచాడు, తన పేరు, మొదట నొక్కి చివర ఎత్తి. ఆగాం. ఎవరింట్లోనో కుక్కర్ కూత, ఎక్కడో స్కూటర్ చప్పుడు. "ఈసారి మీరు పిలవండి. ఇంటివాళ్ళ గొంతుకైతే పలికినవాళ్ళున్నారు" అన్నారు నాన్న. నాన్న పేరు పెట్టి నాన్నని నేనెప్పుడూ పిలవలేదు, ఫారాల మీద రాశానేమో, నోటితో అనలేదు. అన్నాను. వీధి మధ్య నిలబడి, నా ఎదురుగా నిలబడ్డ మనిషిని పేరు పెట్టి పిలిచాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆగమని, తల కాస్త వంచి, ఊపిరి బిగబట్టి, చీకటి పడుతున్న వీధి చివరికంటా విన్నారు. నేనూ విన్నాను.

"పలకలేదు. ఇంకాస్త గట్టిగా పిలవండమ్మా" అన్నారు నాన్న.

ఇంకాస్త గట్టిగా పిలిచాను.